రామతులసి గారి బొద్దింక

విజయవాడ చుట్టుపక్కల ఇంటర్లో బైపీసీ చదివినవాళ్లలో చాలామంది రామతులసి గారి బొద్దింకను గీసే ఉంటారు. ఆవిడ పేరు మాత్రం వాళ్లకు తెలియదు. కోచింగ్ కాలేజీలు పిల్లలకిచ్చే మెటీరియల్ పుస్తకాల్లో బొమ్మ గీసినవాళ్ల పేరు వేయరు. పటమటలో, వంటింటి కిటికీ పక్కన బల్ల వేసుకుని, ట్రేసింగ్ కాగితం మీద ఇండియన్ ఇంకుతో ఆవిడ ఇరవయ్యారేళ్లు గీశారు. పువ్వు నిలువుకోత, కప్ప గుండె, బొద్దింక పేగులు. నీడలన్నీ చుక్కలే. ఒక్క కప్ప కాలేయానికే రెండు వేల చుక్కలు పెట్టానని ఒకసారి నవ్వుతూ చెప్పారు. లెక్కపెట్టారా అంటే, "లెక్కపెట్టకపోతే మధ్యలో నిద్రొస్తుంది" అన్నారు.

ఆ బొద్దింకలో ఒక తప్పుంది. మొదటి ఏడాది ప్రెస్సులో ట్రేసింగ్ కాగితాన్ని తిరగేసి పెట్టి అచ్చు ప్లేటు తీశారు. దాంతో ఎడమకు పోవాల్సిన పేగు వంపు కుడికి పోయింది. ఆవిడ చూసి చెబితే "వచ్చే ఏడు మారుద్దాం లెండి" అన్నారు. ఆ ఏడు రానేలేదు.

మొన్న మార్చిలో కాలేజీ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. జూన్ నుంచి రంగుల పుస్తకాలు, బొమ్మలన్నీ కంప్యూటర్లోనే ఉండాలి, కాగితం మీద గీసినవి తీసుకోము అని. ఆవిడకు ఇంకో పని రాదు. కంప్యూటర్లో గీయడం నేర్చుకుంటే పని నిలుస్తుంది, ఆ బొద్దింకనూ సరిచేయొచ్చు అనుకున్నారు.

బందరు రోడ్డులోని కంప్యూటర్ల షాపులో నాసిర్ అనే కుర్రాడు కంప్యూటర్‌కు తగిలించి బొమ్మలు గీసే పలకలు రెండు తెచ్చి ముందు పెట్టాడు.

"ఇదైతే దీని తెర మీదే గీస్తారు మేడమ్, అచ్చం కాగితంలాగే. నలభై రెండు వేలు."

"రెండోది?"

"ఆరు వేలండీ. మీరు గీసేది ఇక్కడ, బొమ్మ పడేది అక్కడ మానిటర్లో. చెయ్యి చూడకూడదు, మానిటరే చూడాలి."

"చెయ్యి చూడకుండా ఎట్లా బాబూ? కూరలో ఉప్పు కూడా చూసే వేస్తాం."

"అలవాటైపోద్దండీ. స్కూటీ నడిపేటప్పుడు చక్రం చూస్తారా ఏంటి?"

"నాకు స్కూటీ రాదు."

పెన్ను పట్టుకుని చూశారు. వంపు వచ్చినచోట కాగితాన్ని తనవైపు తిప్పుకోవడం ఆవిడ అలవాటు. పలకనూ అలాగే తిప్పారు. మానిటర్లో గీత ఎటో పోయింది.

"పలక తిప్పకండి మేడమ్, అక్కడ బొమ్మ తిరగదు. ఇలా చూడండి" అంటూ నాసిర్ పెన్ను తీసుకుని చకచకా ఏదో గీశాడు. బొద్దింక పేగు. వంపు కుడికే. "నేను బైపీసీ అండీ. ర్యాంకు రాలేదు గానీ ఈ బొమ్మ నిద్దట్లో కూడా గీసేస్తా."

అది తనదని ఆవిడ చెప్పలేదు. ఆరు వేలదే ఇమ్మన్నారు.

"నచ్చకపోతే వారంలోపు తెచ్చేయండి, తీసుకుంటాం. డబ్బా మాత్రం పారేయకండి" అన్నాడు.

ఇంట్లో పాత కంప్యూటరు ముందు ఆరు రోజులు కూర్చున్నారు. ప్లాస్టిక్ మీద పెన్ను జారిపోతుంటే, పలక మీద ట్రేసింగ్ కాగితం జిగురుతో అంటించారు. అప్పుడు గీతకు పాత గరగర వచ్చింది. పలక తిరగదు కాబట్టి కుర్చీని పక్కకు జరుపుకుని, మెడ మాత్రం మానిటర్ వైపు తిప్పుకుని గీశారు. మెడ పట్టేసింది. ఆరో రోజు సాయంత్రానికి బొద్దింక పూర్తయింది. పేగు ఎడమకు వంగింది.

మర్నాడు పొద్దున్నే పెన్‌డ్రైవ్ పట్టుకుని బెంజి సర్కిల్ దగ్గరి ఆఫీసుకు వెళ్లారు. పుస్తకాలు తయారుచేసేది చక్రి.

"ఇంత శ్రమ ఎందుకు పడ్డారక్కా? ఎవరు గీయమన్నారు?"

"కంప్యూటర్లో ఉండాలని నువ్వేగా మెసేజ్ పెట్టావు?"

"అది అందరికీ పెట్టిందక్కా. మీవన్నీ ఎప్పుడో స్కాన్ చేసేశాం, మూడొందల పద్నాలుగు. నేను రంగులు నింపుతున్నా, అంతే. ఇంకో ఇరవై ఏళ్లకి సరిపోతాయి."

మానిటర్ ఆవిడ వైపు తిప్పాడు. పచ్చటి పేగుతో, పసుపు పొట్టతో ఆవిడ బొద్దింక. నీడలు లేవు.

"చుక్కలేవి చక్రీ?"

"తీసేశామక్కా. వాటితో రంగు సరిగా పడట్లేదు."

ఆవిడ తెర మీద పేగును వేలితో చూపించారు. "ఆ వంపు తప్పు. నేను సరిగ్గా గీసి తెచ్చాను. ఇదొక్కటి మార్చు."

చక్రి ఆ బొమ్మ తెరిచి చూశాడు. నిజంగానే చూశాడు. "బాగుందక్కా. కానీ వద్దులెండి. లెక్చరర్లు అట్లాగే చెప్తున్నారు, పిల్లలు అట్లాగే వేస్తున్నారు. ఇప్పుడు మారిస్తే మనకే ఫోన్లొస్తాయి. టీ తాగుతారా?"

తాగారు.

వారంలో అదే ఆఖరి రోజు. అటు నుంచి ఇంటికెళ్లి, పలకను డబ్బాలో పెట్టుకుని షాపుకు వెళ్లారు. నాసిర్ దాని మీది కాగితాన్ని పీకాడు. జిగురు అట్టకట్టి ఉంది. గోటితో గీకాడు, తడిగుడ్డతో తుడిచాడు.

"కంపెనీవాళ్లు వెనక్కి తీసుకోరు మేడమ్. ఉండండి, పనిచేస్తుందో లేదో చూసిస్తా" అని తీగ తగిలించి, చేతికొచ్చిన బొమ్మే మళ్లీ గీశాడు.

ఆవిడ పెన్ను అందుకున్నారు. పలకను తిప్పకుండానే వంపును ఎడమకు గీశారు. "పేగు ఇటు పోతుంది బాబూ."

"మేం చదువుకుంది అటే కదండీ?"

"అది తప్పు. గీసింది నేనే."

నాసిర్ వేళాకోళం అనుకుని నవ్వాడు. "అయితే పరీక్షలో ఇలా వేస్తే మార్కులు పడతాయా మేడమ్?"

"పడవు" అని, రామతులసి గారు పలకను డబ్బాలో పెట్టుకున్నారు.