నేనే ఇచ్చిన టిక్కెట్టు

ఉద్యోగస్తుల కాపురాలు చక్కబెట్టడానికి ఇప్పుడు పట్నాల్లో బాగా చదువుకున్నవాళ్ళు గదులు తీసుకుని కూర్చుంటున్నారని మా మనవరాలు చెబితే నాకేమీ వింతనిపించలేదు. మా కుర్రతనంలో ఆ పని టెక్కలిలో ఒక పళ్ళూడిన ముసలావిడ చేసేది. అసలు పేరు ఎవరికీ తెలియదు, ఊరందరికీ ఆవిడ సర్దుబాటు పెద్దమ్మ. ఆదివారం వస్తే చాలు, కచేరీ గుమాస్తాలూ, బడి పంతుళ్ళూ, వాళ్ళ వెనకాల అత్తమామలూ వచ్చి ఆవిడ అరుగంతా నిండిపోయేవారు. వాళ్ళని చూసినప్పుడల్లా, 'పాపం, పెళ్ళాన్ని ఏలుకోవడం చేతకానివాళ్ళు' అని నేను జాలిపడేవాణ్ణి. (అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. అందుకే అంత తెలివి.)

పలాస స్టేషన్లో టిక్కెట్లిచ్చే గుమాస్తాగా చేరిన ఏడాదే నాకు పెళ్ళయింది. జానెడు కిటికీ వెనక కూర్చుని, పొద్దస్తమానం తల వంచుకుని, "ఏ ఊరు? తొరగా సెప్పు! తప్పుకో! తర్వాత!" అని అరవడం నా పని. నల్లకోటు వేసుకుని అలా అరుస్తుంటే మా ముత్తాతల్లో ఎవరో ఒకాయన జమీందారు అయి ఉంటాడని నాకు గట్టి నమ్మకం కలిగేది. చిక్కల్లా, ఇంటికొచ్చాక కూడా ఆ గొంతు దిగకపోవడం. మా ఆవిడది సోంపేట దగ్గర ఉద్దానం పల్లె. కొబ్బరితోటల్లో పెరిగిన మనిషి, తొందరంటే ఏమిటో ఎరగదు, ఏ మాటైనా నెమ్మదిగా చుట్టూ తిప్పి తెచ్చేది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ ఏదో చెప్పబోయింది. నేను ముద్ద నోట్లో పెట్టుకుని, తలైనా ఎత్తకుండా, చెయ్యి ఊపి, "తర్వాత!" అన్నాను. ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి, నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. ఊళ్ళోకి వచ్చిన వాళ్ళన్నయ్యని వెంటబెట్టుకుని పుట్టింటికి వెళ్ళిపోయిందని, తాళంచెవి నా చేతిలో పెడుతూ పక్కింటావిడ చెప్పింది.

బింకంగా కొన్నాళ్ళు గంజీ, మాడిన అన్నమూ తిన్నాను. తర్వాత కబురు పెడితే, "టెక్కలి పెద్దమ్మ పంపమంటే పంపుతాం, నేకపోతే మా పిల్ల మాకాడే ఉంటాది. ఆదివారం పిల్లని ఆవిడకాడికి తెస్తాం, నువ్వూ రా" అని మామగారు తిరుగు కబురు పెట్టారు. ఆ ఆదివారం నౌపడాలో పెద్ద రైలు దిగి, చిన్న రైలెక్కి, ఎవరి కంటా పడకూడదని తలగుడ్డ కిందికి లాక్కుని టెక్కలి చేరాను. అరుగు మీద నాకు తెలిసిన కచేరీ గుమాస్తా తన వంతు కోసం కూర్చుని, "అరే, నువ్వూనా!" అని ఆప్యాయంగా పక్కకి జరిగాడు.

పెద్దమ్మ నన్ను గుమ్మంలోనే ఆపేసింది. "కోటు బయట ఒగ్గేసి రా బాబూ. నాకాడికి ఉజ్జోగం లోపలికి రాదు" అంది. కోటు కింద చొక్కా వీపు భుజం నుంచి నడుం దాకా చిరిగిపోయి ఉంది. కుట్టేవాళ్ళు లేక కోటుతోనే నెట్టుకొస్తున్నాను. విప్పక తప్పలేదు. వెనక అరుగంతా కిసుక్కుమంది.

పెద్దల ఎదుట ఆలుమగలు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోని రోజులవి. మా ఆవిడ తలుపు వెనక, నేను చావడిలో, మాటలు మోసేది పెద్దమ్మ. "నాను పొద్దల్లా కట్టపడతన్నాను. ఇంట్లో అన్నీ నా వేళకి జరగాల. ఎక్కువ మాటలు పనికిరావు. అదీ, సెప్పు పెద్దమ్మా" అన్నాను. ముసలావిడ లేచింది. నాలాగే గడ్డం ఎత్తి, నాలాగే చెయ్యి ఊపి, ఆ మాటలే నా గొంతుతో తలుపు వైపు అరిచింది. అరుగు మీద వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను అలా ఉంటానా? ఛీ! సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. "ఉజ్జోగస్తులందరిదీ ఇదే జబ్బురా బాబూ! పగలల్లా ఎవుల మీదో అరిసి, ఆ గొంతట్టుకునే ఇంటికొచ్చెత్తారు" అని, తలుపు వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వు సెప్పవే అమ్మా" అంది.

మా ఆవిడ పెద్దమ్మకి చెప్పలేదు. తలుపు తోసుకుని వచ్చి నా ఎదురుగా నిలబడింది. "ఎలిపోయిన్రోజు కిటికీలో సెయ్యెట్టి సోంపేటకి టిక్కెట్లు అడిగినాను. ఓపాలి తలెత్తి సూస్తే ఆగిపోదామనే అక్కడ నిలబడ్డాను. మీరు 'తప్పుకో' అన్నారు."

"నాకు కనపడలేదు" అన్నాను. "పెళ్ళాం గొంతు కూడా ఇనపడనేదేటిరా?" అంది పెద్దమ్మ, ఈసారి తన సొంత గొంతుతో. నా పెళ్ళాన్ని పుట్టింటికి సాగనంపుతూ టిక్కెట్టు ఇచ్చింది నేనే! నా చేతులతో! ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను. పంతుళ్ళూ గుమాస్తాలూ అందరూ చూస్తుండగా, "నన్ను ఒగ్గేసి పోకు" అన్నాను.

మా ఆవిడ నా వెనక్కి వచ్చి చిరుగు చూసింది. తర్వాత, "ముందా సొక్కా ఇప్పండి. కుట్టీసి బయలెల్దాం" అంది. పెద్దమ్మ సూదీ దారం తెచ్చిచ్చింది. అది కుట్టడం అయ్యేదాకా ఒంటి మీద గుడ్డ లేకుండా ఆ జనంలో కూర్చున్నాను. కచేరీ గుమాస్తా మాత్రం మర్యాదగా వీధి వైపు చూస్తూ ఉండిపోయాడు.

మర్నాటి నుంచి స్టేషన్లో నా కిటికీ దగ్గర పనంతా తలకిందులైంది. ఎవరు టిక్కెట్టు అడిగినా మెడ బయటికి చాచి ముఖం చూసి గానీ ఇచ్చేవాణ్ణి కాదు. ఆడగొంతు వినబడితే లేచి నిలబడేవాణ్ణి. వరస బయట బండ్ల దాకా పెరిగింది. "ఏమయ్యా, టిక్కెట్లిస్తున్నావా, పెళ్ళిచూపులు చూస్తున్నావా?" అని స్టేషన్ మాస్టరుగారు తిట్టారు. కిటికీలోంచి మెడ చాచి, వచ్చేపోయే ప్రతి ముఖంలోనూ తన పెళ్ళాన్ని వెతుక్కుంటున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అయినా వాడి మీద నాకు కోపం లేదు. కోపమల్లా అంతకు ముందు, తలెత్తకుండా 'తప్పుకో' అన్నవాడి మీదే.