కాలిన ఆయిలు, కుక్కపిల్ల గజ్జి

మా అత్తగారి ఊళ్లో కుక్కల గజ్జికి మందు ఒక్కటే, పడవ ఇంజన్లోంచి తీసిన కాలిన ఆయిలు. వేసవిలో చేపల వేట ఆపినప్పుడు మగవాళ్లు పడవలను ఒడ్డుకు లాగి ఇంజన్లు విప్పుకుని కూర్చుంటారు. పాత ఆయిలును డబ్బాల్లో పట్టి, చెక్క పాడవకుండా పడవకు పూస్తారు. అడుగున మిగిలింది ఊరకుక్కలకు పూస్తారు. ఎప్పటి నుంచి పూస్తున్నారని అడిగితే తాతల నుంచి అంటారు. పూసిన వాటిలో ఎన్ని బతికాయని అడిగితే మాత్రం సముద్రం వైపు చూస్తారు. నేను అడిగాను కాబట్టే చెబుతున్నాను.

నేను తెనాలి పిల్లను. పెళ్లయి అడవులదీవి దగ్గర ఈ ఒడ్డుకు వచ్చాను. మాది ఎండుచేపల పని. బోర్లించిన మా పాత పడవ కింద ఒక ఊరకుక్క ఈనింది. పిల్లల్ని ఎవరెవరో పట్టుకుపోగా గోధుమరంగుది ఒక్కటే మిగిలి నా కాళ్లకు అడ్డం పడుతూ తిరిగేది. చేపలు ఆరబోసిన చోట కాకుల్ని తరిమేది. చేపలు ముట్టేది కాదని చెప్పను. ముట్టేది, నేను అటు తిరిగినప్పుడు.

దానికి మొదట చెవుల అంచున వెంట్రుకలు రాలాయి. అక్కడ చర్మం మాడిన అన్నంలా గరుకుగా పెచ్చు కట్టింది. తర్వాత మోచేతులు, ఆ తర్వాత పొట్ట. తింటూ తింటూ ఆగి గోక్కునేది, నిద్రలోనూ గోక్కునేది. ఎత్తుకుని తిరిగినందుకు నా ముంజేతుల మీదా ఎర్రటి పొక్కులు లేచాయి. ఇక మా అత్తగారికి పట్టపగ్గాల్లేవు.

"ఏంటమ్మా ఈ దరిద్రం? చేపలు కొనేవాళ్లు దీన్ని చూస్తే గంప ముట్టుకుంటారా? కాలవ అవతల వదిలేసిరా" అంది.

నేను దాన్ని చేపల గంపలో పెట్టుకుని రేపల్లె బస్సెక్కాను. పశువుల ఆసుపత్రిలో డాక్టరు దాని చెవి అంచును వేళ్ల మధ్య పెట్టి రుద్దాడు. వెంటనే పిల్ల వెనకకాలు తనంతట తానే గోకడం మొదలుపెట్టింది.

"చూశారామ్మా, గజ్జయితే చాలావాటికి ఇలా కాలు ఆడుతుంది" అన్నాడు. బ్లేడుతో చర్మాన్ని కొద్దిగా గీకి, ఆ పొట్టును మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. కంటికి ఆనని పురుగులు చర్మంలో దారులు తవ్వుకుని గుడ్లు పెడుతున్నాయట. పిల్లను తూచి, ఆ బరువుకు తగ్గ ఇంజెక్షన్ ఇచ్చాడు. చెప్పిన రోజుకు మళ్లీ తీసుకురమ్మన్నాడు. తల్లికుక్కకూ మందు పడకపోతే లాభం లేదని దానికి మాత్రలిచ్చాడు. పడుకునే గోనెపట్టా ఉడకబెట్టి ఎండలో వెయ్యమన్నాడు. నా చేతులు మనుషుల డాక్టరుకు చూపించుకోమన్నాడు.

"పురుగు చచ్చినా దురద కొన్నాళ్లు ఉంటుందండి. మందు పని చెయ్యలేదని ఇంకేదో పూసేరు" అని మరీ మరీ చెప్పాడు.

చెప్పినవన్నీ చేశాను. తల్లికుక్కకు మాత్రలు చేప తలకాయలో దూర్చి పెట్టాను. గోనెపట్టా ఉడకబెడుతుంటే వీధి వీధంతా వచ్చి, కుక్కకు కాన్పు చేస్తున్నావా అని నవ్వి పోయారు. నవ్వనీ అనుకున్నాను. రేపల్లెకు తిరగగా తిరగగా పెచ్చులు రాలిపోయి, చెవుల మీద మెత్తగా నూగు వచ్చింది. ఆ నూగును వేలితో నిమిరినప్పుడు నాకు కలిగిన గర్వం ఇంకెప్పుడూ కలగలేదు. ఇంట్లో ఏ పనిలోనైనా నా మాట నెగ్గింది అదొక్కసారే.

వేట ఆగిన రోజులు. అప్పుడే మా అమ్మకు కంటి ఆపరేషనని తెనాలి నుంచి కబురొచ్చింది. వెళ్లే ముందు మామగారి దగ్గరికి వెళ్లి, "మావయ్యా, అది ఇంకా గోక్కుంటుంది. గోక్కోనివ్వండి. దాని ఒంటికి ఏమీ పూయొద్దు" అన్నాను.

"సరేలే అమ్మాయ్, నాకెందుకు?" అన్నాడు.

తిరిగొచ్చేసరికి గోధుమరంగు పిల్ల లేదు. పడవ నీడలో నల్లగా నిగనిగలాడుతూ ఏదో పడి ఉంది. పిలిస్తే తోక కదిలింది. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా వణుకు. ఒంటి ఆయిలంతా నాకేసింది. సబ్బు పెట్టి కడుగుతుంటే నా చేతుల్లోంచి నల్లటి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆటోలో రేపల్లె తీసుకుపోయాను. డాక్టరు చెయ్యగలిగిందంతా చేశాడు. ఆసుపత్రి వరండాలో నా ఒళ్లోనే పోయింది.

దాన్ని ఇంటికి తెచ్చి మామగారి మీద అరిచాను. ఆ ఇంట్లో కోడలు అలా అరవడం అదే మొదలు.

"అది గోక్కుంటుంటే చూడలేకపోయానమ్మా. పడవకు పూసేదేగా, దానికేమవుద్ది అనుకున్నా" అన్నాడు. తన భుజం మీది తువ్వాలులో దాన్ని చుట్టి, ఇసుక తవ్వి ఆయనే పూడ్చాడు. కళ్లు తుడుచుకోబోతే చేతికున్న ఆయిలు మొహానికి అంటుకుంది. ఆయన దుర్మార్గుడై ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో.

మా అత్తగారు మాత్రం ఆ రోజే తీర్పు చెప్పేసింది. "చెవులకు వెంట్రుకలు ఎంత బాగా వచ్చాయో చూశారుగా. మీ మావయ్య ఆయిలుకే వచ్చాయి. ఈవిడ పొడిపించిన సూదులకే ప్రాణం పోయింది." ఆయిలు పూసింది మొన్న, వెంట్రుకలు వచ్చింది ముందు అని వేళ్లు మడిచి చెప్పాను. వినలేదు. ఒడ్డున అందరికీ ఆవిడ మాటే నచ్చింది.

ఈ ఏడు కూడా వేట ఆగింది. నిన్న పక్కింటావిడ చెవులు పెచ్చు కట్టిన కుక్కపిల్లను చంకన వేసుకుని మా గుమ్మంలోకి వచ్చింది. నేను చేస్తున్న పని వదిలేసి దాన్ని అందుకోబోయాను. ఆవిడ ఒకడుగు వెనక్కి వేసింది.

"నీకు కాదులే అమ్మా. మీ మావయ్య ఉన్నాడా?" అంది.