గేదెలోళ్ళ టర్నర్ రాజకుమారి

కొత్తవలస స్టేషను రోడ్డులో ఒక రేకుల షెడ్డు ఉంది. పొద్దున్న తొమ్మిదయ్యేసరికి అందులో ఇనుము తిప్పి కోసే లేత్ మిషను తిరగడం మొదలవుతుంది. దాని ముందు చుడీదారు మీద పాత ఖాకీ చొక్కా తొడుక్కుని, జుట్టు బిగించి ముడేసుకుని నిలబడే మనిషి రాజకుమారి. బోరు మోటారు షాఫ్టు అరిగినా, ట్రాక్టరు పిన్ను విరిగినా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు "టర్నరమ్మ కాడికెల్లు" అంటారు. కొత్తవాళ్ళు అది ఆవిడ చేసే పని పేరనుకుంటారు. పనీ అదే, కాదని ఎవరూ అనరు. కానీ పనికన్నా ముందు అది ఆవిడ ఇంటిపేరు. ఆధార్ కార్డులోనూ, కరెంటు బిల్లులోనూ టర్నర్ రాజకుమారి అనే ఉంటుంది.

ఆవిడ పుట్టింది చీపురుపల్లి దగ్గరొక పల్లెలో, మజ్జి వారింట. రాగులు పండే చోడి చేలో కలుపు తీస్తూ పెరిగిన పిల్ల. కొత్తవలస సంబంధం కుదిరినప్పుడు తోటి ఆడపిల్లలు వారం రోజులు ఏడిపించారు. "టర్నరేటే? దొరలింటికి కోడలిగా ఎల్తన్నావేటి?"

దొరలూ లేరు, దొరసానులూ లేరు. ఆ పేరు ఆ ఇంటికి వచ్చిన వైనం రాజకుమారి కాపురానికొచ్చిన కొత్తలో మామగారే చెప్పాడు.

మామగారు జగన్నాధానిది పాతపట్నం అవతల తేనెలవలస. అసలు ఇంటిపేరు గేదెల. కుర్రతనంలో రైల్వే షెడ్డులో పని దొరికి ఊరొదిలి వచ్చేశాడు. షెడ్డులో జగన్నాధాలు ముగ్గురు. ఒకడు ఫిట్టరు, ఒకడు పట్టాలు మార్చే పాయింట్స్‌మేను, ఈయన లేత్ మీద ఇనుము కోసే టర్నరు. అందుకని క్వార్టర్సంతా ఆయన్ని టర్నర్ జగన్నాధం అనేది. ఇంటావిడ టర్నర్ గారి భార్య, కొడుకు టర్నర్ గారబ్బాయి. ఆ కొడుకు శివాజీని బళ్ళో వేసినప్పుడు తీసుకెళ్ళింది పక్కింటాయన. మేష్టారు "నీ ఇంటిపేరేట్రా?" అనడిగితే, పుట్టినప్పట్నుంచీ చెవిన పడ్డ మాటే చెప్పాడు పిల్లాడు. మేష్టారు రాసేసుకున్నాడు. తరవాత తెలిసి జగన్నాధం నవ్వి ఊరుకున్నాడు.

"మార్పించలేకపోయేరా మావా?" అంది రాజకుమారి.

"ఎందుకు మార్పించాలమ్మా? గేదెలేవీ నాను కాయలేదు. లేత్ మీద ముప్పయ్యేళ్ళు నిలబడ్డాను" అన్నాడాయన.

పదవీ విరమణ అయ్యాక జగన్నాధం ఒక పాత లేత్ మిషను కొని ఆ షెడ్డు వేసుకున్నాడు. శివాజీకి ఆ పని మీద మనసు లేదు. ఆర్టీసీలో కండక్టరుగా చేరిపోయాడు. ముసలాయన ఒక్కడే నెట్టుకొస్తుంటే, కొన్నేళ్ళకి చూపు మందగించింది. కొలత చూసే వెర్నియర్ మీద గీతలు కనబడక ఒక రైతు పంపు షాఫ్టు పాడుచేశాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

మర్నాడు రాజకుమారి కూతుర్ని పక్కింట్లో దిగబెట్టి షెడ్డుకి వెళ్ళింది. "కొలత నాను సూసి సెప్తాను, మీరు పని సెయ్యండి మావా" అంది.

అలా మొదలైంది. మొదటి నెల గీతలు చదివింది. తరవాత టూలు సాన పట్టడం, చక్‌లో ఇనుము బిగించడం నేర్చుకుంది. కోతలో ఊడిపడే వేడి ఇనప చుట్టలు చేతిమీద పడి బొబ్బలెక్కాయి. "లేత్ ముందు కొంగు యముడమ్మా" అని ఆయనే తన రైల్వే చొక్కా తీసి ఇచ్చాడు. వీధిలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. వచ్చిన రైతులు "ముసలాయన లేడా?" అని తొంగి చూసి వెనక్కి పోయేవారు. అలా పోయినవాళ్ళే కొన్నాళ్ళకి తిరిగొచ్చారు. ఇప్పటికి పదేళ్ళ కిందట జగన్నాధం పోయేనాటికి షెడ్డు పూర్తిగా ఆమె చేతిలో ఉంది. శివాజీ మొదట్లో సిగ్గుపడ్డాడు. తరవాత డ్యూటీ దిగాక టిఫిన్ క్యారియరు పట్టుకుని షెడ్డుకి రావడం అలవాటు చేసుకున్నాడు.

పేరుతో వచ్చిన చిక్కల్లా కూతురు రేఖకి. బడిలో "మీరు కిరస్తానీలా?" అనేవారు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివేటప్పుడు కుర్రాళ్ళు "వచ్చింది దొరసాని" అనేవారు. డిప్లొమా అయ్యి, ఒక కంపెనీలో తయారైన సామాను పరీక్షించే ఉద్యోగంలో చేరింది. పెళ్ళి సంబంధాలు మొదలయ్యేసరికి చిక్కు ముదిరింది. పేరు వినగానే అవతలివాళ్ళు ఫోను పెట్టేసేవారు. శివాజీకి విసుగొచ్చేసింది. "గెజిట్‌లో వేయించి గేదెలకి మార్చీద్దాం. ఈ దిక్కుమాలిన పేరు ఇంక ఒగ్గేద్దాం" అన్నాడు.

సరిగ్గా అప్పుడే పాతపట్నం నుంచి ఒక సంబంధం వచ్చింది. కుర్రాడు పృథ్వీరాజ్, తండ్రి దేవేంద్రకి రైసు మిల్లు. పేరు చూసి వాళ్ళు వెనకాడలేదు. పైగా రేఖ ఉద్యోగం మానక్కర్లేదన్నారు. పిల్లలిద్దరూ ఫోనులో మాట్లాడుకున్నారు. రేఖ ముఖంలో వెలుగు తల్లి కంటబడుతూనే ఉంది.

అడ్డల్లా ఒక్కటే. వాళ్ళ ఇంటిపేరు గేదెల.

వాళ్ళలో ఒకే ఇంటిపేరంటే అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళు. ఆ మాట శివాజీకి తెలియక కాదు. "ఈ చుట్టుపట్ల ఎన్ని గేదెల కుటుంబాలు లేవు? ఆళ్ళెవరో, మనమెవరో. మన కాయితాల్లో ఆ పేరే లేదు. నువ్వు మాట్లాడకు" అన్నాడు భార్యతో. గెజిట్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఒక ఆదివారం దేవేంద్ర కొడుకుని తీసుకుని వచ్చాడు. భారీ మనిషి, పెద్ద గొంతు. కూర్చోగానే గోడమీద జగన్నాధం ఫొటో చూశాడు.

"ఇంటిపేరు సిత్రంగా ఉన్నాది. ఏటండీ మీ కథ?" అన్నాడు నవ్వుతూ.

"మా నాన్నది రైల్వే. అక్కడొచ్చిన పేరే. ఊరితో రాకపోకలు లేవు" అన్నాడు శివాజీ.

పళ్ళెంలో కాఫీ గ్లాసులు పట్టుకొచ్చిన రాజకుమారి అడిగింది: "మీది పాతపట్నమేనా అండీ? ముందు నుంచీ అక్కడేనా?"

"కాదమ్మా, మిల్లుకని వచ్చేం. మా ఊరు తేనెలవలస."

రాజకుమారి గోడమీద మామగారి ఫొటో వంక చూసింది. శివాజీ ఆమె వంక చూడకుండా తల దించుకున్నాడు. గుమ్మం పక్కన రేఖ నిలబడి ఉంది, తల్లి కట్టిన జాజులు జడలో. చెప్పకపోతే పెళ్ళయిపోతుంది. ఎవరికీ తెలియదు. కానీ ఏ పదేళ్ళకో ఊరి ముసలివాళ్ళెవరో ఆ ఫొటో గుర్తుపడితే, అప్పుడు ఆ పిల్ల, దాని పిల్లలు ఏ ముఖం పెట్టుకు తిరుగుతారు?

పళ్ళెం బల్లమీద పెట్టేసింది. "మాదీ తేనెలవలసేనండి. మా మావగారు గేదెల జగన్నాధం. టర్నరన్నది తరవాత వచ్చింది."

దేవేంద్ర మళ్ళీ ఆ ఫొటో వంక చూశాడు. "మా నాన్నకి పెదనాన్న కొడుకీయన" అన్నాడు మెల్లిగా. లేచి నిలబడ్డాడు. "సెప్పి మంచి పని సేసినావమ్మా" అన్నాడు గానీ, కాఫీ ముట్టకుండానే కొడుకుని తీసుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ పృథ్వీరాజ్ రేఖ వంక చూడబోయి, చూడలేక చెప్పుల వంక చూసుకున్నాడు.

రేఖ ఆ రాత్రి తల్లి మీద అరవలేదు, అదే రాజకుమారికి ఎక్కువ బాధనిపించింది. శివాజీ నెల్లాళ్ళు ముభావంగా తిరిగాడు. షెడ్డులో ఇనుము కోస్తుంటే రాజకుమారికి కళ్ళు మసకలు కమ్మేవి. మిషను ఆపి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టేది.

పంటల నూర్పిడి రోజుల్లో ఒక ఆటో షెడ్డు ముందు ఆగింది. అందులోంచి దేవేంద్ర దిగాడు. వెనక గోనెపట్టాలో రెండు ముక్కలైన మిల్లు షాఫ్టు.

"మిల్లు నిండా ధాన్యం ఉన్నాది, మిషను ఆగిపోనాది. సికాకోళంలో అడిగితే వారమన్నారు. నువ్వు సెయ్యగలవేటమ్మా?"

"సేస్తాను బావగారూ. కూకోండి."

ఆ వరస నోటికి అలవోకగా వచ్చేసింది. దేవేంద్ర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సాయంత్రం దాకా చూస్తూనే ఉన్నాడు. కొత్త షాఫ్టు చేతిలో పెట్టేసరికి దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఆ రోజు కోపమొచ్చింది నీ మీద కాదు" అన్నాడు. "మా గుంటడు ఇష్టపడ్డాడు. పెళ్ళి తప్పిపోనాదని కడుపు మండింది. ఇంటికెళ్ళి మా అత్తకి సెప్పేను. జగన్నాధం కోడలొకర్తి ఉన్నాదని తెలిసి ఏడిసింది. బేగి తీసుకురమ్మంది."

ఆ అత్త సుభద్రమ్మ. జగన్నాధానికి సొంత చెల్లెలు. ఎనభై దాటిన మనిషి. తండ్రి పోయినప్పుడు జగన్నాధానికి కబురు ఆలస్యంగా అందింది. ఆయన వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. కడసారి చూపు దక్కనివ్వలేదని అన్నదమ్ముల మీద అలిగి వెళ్ళిన మనిషి మళ్ళీ ఆ ఊరు తొక్కలేదు. అదీ దేవేంద్ర చెప్పిన విషయం. ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదాయన.

రాజకుమారి, శివాజీ, రేఖ ముగ్గురూ తేనెలవలస వెళ్ళారు. సుభద్రమ్మ శివాజీ ముఖాన్ని రెండు చేతుల్తో తడిమి చూసింది. రాజకుమారి అరచేతుల్లో కాయలు తడిమి, "మా అన్న సేతులే" అంది. అన్నాలయ్యాక రేఖ అడిగింది: "మామ్మా, మనకి గేదెల అని ఎందుకొచ్చింది?"

"మరేటే? మా తాతల తాత దగ్గిర గేదెలుండేవంట. ఊరందరి గేదెలూ ఆళ్ళే తోలుకెళ్ళి కొండకింద మేపేవోరంట. గేదెలోళ్ళు, గేదెలోళ్ళు అనీసేరు. అదే నిలిసిపోనాది."

రేఖ పకపకా నవ్వింది. పెళ్ళి తప్పాక ఆ పిల్ల అలా నవ్వడం అదే మొదలు. "అయితే తాతకి టర్నరని వచ్చిందీ అలాగే కదా!" అంది. తరవాత తిరుగు బస్సులో ఫోను తీసి తండ్రికి ఏదో చదివి చెప్పడం మొదలుపెట్టింది. ఇంగ్లండులో వందల ఏళ్ళ కిందట మామూలు జనానికి ఇంటిపేర్లే ఉండేవి కావట. తరిమెన మీద, అంటే చేత్తోనో కాలితోనో తిప్పే పాతకాలపు లేత్ మీద, చెక్క గిన్నెలు, కుర్చీ కాళ్ళు చేసేవాళ్ళని టర్నర్ అనేవారట. ఒకే పేరున్నవాళ్ళు ఊళ్ళో ఇద్దరు ముగ్గురుంటే పని పేరు కలిపి పిలిచేవారు. అది కొడుకులకీ మనవలకీ అంటుకుపోయింది. వాళ్ళు ఓడలెక్కి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా వెళ్ళారు, పేరూ వెంటవెళ్ళింది. ఇప్పుడు ఆ పేరున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు. లేత్ ముఖం చూసినవాళ్ళు మాత్రం ఎక్కడో తప్ప లేరు.

"ముగ్గురు జగన్నాధాలు ఆళ్ళకీ ఉన్నారన్నమాట" అన్నాడు శివాజీ. టెక్కలి దాటాక, "గెజిట్ గొడవొద్దులే" అన్నాడు. కొత్తవలస చేరిన వారంలో తనే బోర్డు రాయించాడు: టర్నర్ లేత్ వర్క్స్.

ఆ బోర్డే ఇంకో మనిషిని గుమ్మంలోకి తెచ్చింది. కిరండోల్ రైలు కోసం ఎదురుచూస్తూ ఒక పెద్దమనిషి స్టేషను రోడ్డులో టీ తాగుతున్నాడు. బోర్డు చూసి లోపలికొచ్చాడు.

"అమ్మా, టర్నరంటే పని పేరా, ఇంటిపేరా?"

"రెండూనండి" అంది రాజకుమారి మిషను ఆపి.

ఆయన ముఖం విప్పారింది. "మాదీ టర్నరే! నా పేరు రమేష్‌బాబు. కోరాపుట్‌లో ఉంటన్నాం."

ఆయన తండ్రి కూడా రైల్వేలో టర్నరే. కొత్తవలస నుంచి కిరండోల్ దాకా కొండ లైను వేసిన రోజుల్లో కుటుంబంతో వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. రమేష్‌బాబు బళ్ళో చేరితే ఒడియా మేష్టారికి అసలు ఇంటిపేరు నోరు తిరక్క, తండ్రి పనే రాసుకున్నాడు. జగదల్‌పూర్‌లోనూ ఒక టర్నర్ వారున్నారట, కిరండోల్‌లో ఇంకొకరు. రైలు పట్టా పొడుగునా అక్కడొకరు ఇక్కడొకరు ఉన్నారు, ఎవరికి ఎవరూ రక్తసంబంధీకులు కారు.

"మరి మీ అసలు ఇంటిపేరేటి?" అంది రాజకుమారి. ఈసారి అడగడానికి ఆవిడ సంకోచించలేదు.

"పొట్నూరు."

గేదెలకీ పొట్నూరుకీ అడ్డేమీ లేదు. ఆ మాట రాజకుమారికి అప్పుడు తట్టలేదు. ఆయన రైలెక్కాక, చక్‌లో ఇనుము బిగిస్తూ ఉండగా తట్టింది. రమేష్‌బాబు కొడుకు నాగబాబు కోరాపుట్‌లోనే రైల్వే మెకానిక్కు అని కదా చెప్పాడు! ఆవిడ చెప్పగానే మర్నాడు దేవేంద్రే రమేష్‌బాబుతో ఫోనులో మాట్లాడాడు. పిల్ల తరఫు పెదనాన్న హోదాలో పృథ్వీరాజ్‌ని కోరాపుట్ పంపి కుర్రాణ్ణి చూసి రమ్మన్నాడు. పృథ్వీరాజ్ వెళ్ళొచ్చి రేఖకి ఫోను చేసి, కొంచెం తడబడుతూనే, "మంచోడే... సెల్లీ" అన్నాడు. "సరే అన్నయ్యా, నంబరియ్యి" అంది రేఖ. నాగబాబుతో రెండు నెలలు మాట్లాడాకే సరేనంది.

ఈ వైశాఖంలో పెళ్ళి. శుభలేఖ అచ్చుకిస్తే ప్రెస్సాయన ఆదరాబాదరాగా షెడ్డుకి పరిగెత్తుకొచ్చాడు. "ఏటమ్మా ఇది? అటూ టర్నరే, ఇటూ టర్నరే రాసేరు. తప్పు పడిందేమోనని ఆపేసేను. అన్నాసెల్లెళ్ళకి పెళ్ళేటని జనం నన్ను తన్నీగలరు!"

రాజకుమారి మిషను ఆపింది. స్టూలు చూపించి కూర్చోమంది. టీ తెప్పించి, రైల్వే షెడ్డులో ముగ్గురు జగన్నాధాల దగ్గర్నుంచి మొదలుపెట్టింది.