పాత మన్ను

మొన్న ప్రొద్దుటూరులో మా అపార్టుమెంటు డాబా కారుతోందని వచ్చిన కుర్ర ఇంజనీరు, కొత్త పూత వేసే ముందు పైనున్న పాత టైల్స్ పొరలన్నీ పెళ్లగించి బరువు దించాలన్నాడు. మా పెద్దమనుషులు ససేమిరా అన్నారు, దాని మీదే ఇంకో పొర వేసి పొమ్మన్నారు. నేను ఆగమని, మా నాయన సంగతి ఎత్తాను.

మా నాయన బేల్దారి. జమ్మలమడుగు చుట్టుపక్కల ఏ పల్లెలో గోడ బీటలిచ్చినా, దూలం కుంగినా ఆయనకే కబురొచ్చేది. అప్పటి మట్టిమిద్దెలు మీకూ గుర్తుండే ఉంటాయి. ఏటా వానలకు ముందు మిద్దె మీద చవుడు మన్ను పరిస్తే నీళ్లు కిందికి దిగేవి కావు. పరచడమే గానీ పాతది తీసే ఆనవాయితీ లేదు. తాత పోసినదాని మీద తండ్రి, తండ్రి పోసినదాని మీద కొడుకు పోసుకుంటూ పోయేవారు, పైగా మా మిద్దె ఇంత మందమని గొప్పలు చెప్పుకునేవారు.

పెద్దముడియంలో మా మేనత్త ఇల్లూ అంతే. ఒకసారి చూడబోయినప్పుడు నడింట్లో దూలం వంగి ఉండడం గమనించి, నాయన అన్నం కూడా తినకుండా దాని కింద ఆనుగా గుంజలు నిలబెట్టాడు.

"గుంజలు నాలుగు దినాలకే బావా. పైన మన్ను దించాల."

"మన్ను దించేది ఇల్లు పాడుబెట్టుకునేటోళ్లప్పా. మా నాయన పోసింది నేను తీసేదేంది?" అన్నాడు మా మామ.

ఆ ఏడు ముసురు పట్టింది. కారిన చోటల్లా మామ గంపలతో చవుడు ఎత్తి పోశాడు, అందరూ చేసే పనే. కింద మేనత్త రొట్టెలు కాలుస్తోంది. తడిసిన బరువుకు దూలం గుంజల్ని తోసుకొని దిగబడింది. మామ మన్నుతోపాటు కిందపడి బతికాడు. కబురందుకుని పరుగెత్తిన నాయన, పార పెడితే చెల్లెలికి తగులుతుందని చేతులతోనే మన్ను తోడాడు. ప్రాణం ఎప్పుడో పోయిందని ఊరంతా చెబుతున్నా వినలేదు.

తర్వాత నాయన ఏ ఇంటికి పోయినా ముందు మిద్దెక్కి పాత మన్ను దించేవాడు, ఎవరు తిట్టినా పట్టించుకునేవాడు కాదు. వెనకాలే తట్ట పట్టుకుని మామ ఎక్కేవాడు. నాయన తవ్వి ఎత్తితే మామ మోసి దించేవాడు.

ఇప్పుడు మట్టిమిద్దెలు లేవు, చవుడంటే ఏమిటో మా వీధిలో పిల్లలకు తెలియదు. నేను ఇదంతా చెబితే మా పెద్దమనుషులు మర్యాదగా విని, కొత్త పొరే వేయించారు. ఆ కుర్రవాడు ఒంటరిగా మెట్లు దిగిపోతుంటే నాకు దిగులు ముంచుకొచ్చింది. మా మామలాంటి వాడొకడు అతని వెంట ఉంటే బాగుండుననిపించింది. కానీ మా మామ అలా మారడానికి మేనత్త పోవలసి వచ్చింది.