పిట్ట కోసం పడవ మాట్లాడుకున్న శుక్రవారం

నా రాతలు చదివేవాళ్ళకు నేను పడవల పిచ్చోణ్ణని తెలుసు. కాకినాడలో పుట్టి, పదకొండేళ్ళుగా దోహాలో ఉంటున్నాను. వెస్ట్ బేలో కడుతున్న ఒక టవర్ దగ్గర డాక్యుమెంట్ కంట్రోలర్ ఉద్యోగం, అల్ మన్సూరాలో ఒక గది, నెలకోసారి ఏదో ఒక పడవ. ఏ మరీనాలో గంటకు ఎంత అడుగుతారు, ఏ నెలలో డాల్ఫిన్లు కనబడతాయి, భోజనం వాళ్ళు పెడతారా మనం కట్టుకెళ్ళాలా, ఇవే ఇన్నాళ్ళూ రాసుకొచ్చాను. ఈసారి డాల్ఫిన్లు లేవు. విహారం కోసం చదువుతున్నవాళ్ళు ఇక్కడితో ఆపేసినా నేనేమీ అనుకోను. కానీ ఇలాంటి పని మీద పడవ కావలసినవాళ్ళు మనలో ఇంకా ఉంటారనే అనుమానంతోనే వివరంగా రాస్తున్నాను.

మా సైటులో హెల్పర్‌గా చేసే నర్సయ్యది జగిత్యాల దగ్గర పల్లెటూరు. నాకన్నా పదేళ్ళు పెద్ద, అన్నా అనే పిలుస్తాను. నవంబరు చివర్లో ఒక రోజు డ్యూటీ అయ్యాక నా డెస్కు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "సారూ, మీరు పడవల సంగతి రాస్తరట గద. సముద్రంల లోపటికి తీస్కపోయే పడవ మనసొంటోళ్ళకు దొరుకుతదా?" అని అడిగాడు. సరదా పడుతున్నాడేమో అనుకుని నేను నవ్వాను కూడా. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకేస్తుంది.

సంగతి ఇది. నర్సయ్య తమ్ముడు గంగాధర్ రెండేళ్ళ కిందట తాపీ పనికని ఖతార్ వచ్చాడు, ఊళ్ళో వాళ్ళకు ఇదీ దుబాయే. కంపెనీ మూతపడితే నాలుగు నెలలు పనిలేకుండా లేబర్ క్యాంపులో కూర్చున్నాడు. నర్సయ్యే తెలిసినవాళ్ళను పట్టుకుని, చేపల లాంచీలో వంటవాడిగా పెట్టించాడు. అప్పటిదాకా చెరువు తప్ప నీళ్ళు చూడని మనిషి, చేప వాసనే పడని మనిషి. పోయిన ఏప్రిల్లో ఒక తెల్లవారుజామున గిన్నెలు కడగడానికి బకెట్‌తో సముద్రపు నీళ్ళు తోడబోయి పడిపోయాడు. లాంచీలో ఉన్నవాళ్ళు చూశారు, ఇద్దరు దూకారు కూడా. మూడు రోజులు వెతికారు. శవం దొరకలేదు.

ఊళ్ళో అతని భార్య రజిత ఈ మాట ఒప్పుకోలేదు. చూడని చావును నేనెందుకు నమ్మాలి అంది. మెట్టెలు తియ్యనివ్వలేదు, దినాలు చెయ్యనివ్వలేదు. భర్త తిరిగొచ్చేదాకా అని ఒక్కపొద్దు పట్టింది, అంటే రోజుకు ఒక్క పూటే తిండి. ఎనిమిది నెలలు. రెండుసార్లు పొలంలో పడిపోతే ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. నాలుగేళ్ళ పిల్ల తల్లి. ఇలాగే సాగితే ఆమె బతకదని డాక్టరే చెప్పాడట. ఎంతమంది బతిమాలినా విననిది, చివరికి ఒక్క మాట మీదికి వచ్చింది: ఆయన పడ్డ చోట విస్తరి పెట్టండి, పిట్ట ముడితే పోయిండని ఒప్పుకుంట, ఆ పూటే అన్నం తింట.

మా గోదావరి వైపు కాకికి పిండం పెట్టినట్టే, వాళ్ళ వైపు పిట్టకు పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవి వండి, విస్తట్లో వడ్డించి, మనుషులు దూరంగా జరుగుతారు. పిట్ట వచ్చి ముడితే పోయినవాడు తృప్తిపడ్డట్టు. రాకపోతే మనసులో ఏదో మిగిలిపోయిందని, ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటిస్తారు, నీ పిల్లను చదివిస్తాం, నీ ఇల్లు నిలబెడతాం అని. ఏదో ఒక మాటకు పిట్ట దిగుతుంది.

దోహాకు ఉత్తరాన, మట్టి పోసి కట్టిన ఒక దీవి చివర చిన్న మరీనా ఉంది. పేరున్న మరీనాల్లాగా హోటళ్ళూ, సందడీ ఉండవు. ముప్ఫై ఆరడుగుల యాట్ గంటకు నాలుగు వందల రియాళ్ళు, కనీసం మూడు గంటలకు మాట్లాడుకోవాలి. క్యాంపులో ఊరివాళ్ళు తలా ఇంత వేశారు, నేనూ కలిశాను. వాట్సాప్‌లో బుక్ చేస్తే, పుట్టినరోజా పెళ్ళిరోజా అని అడిగారు. ఫ్యామిలీ అని రాసి వదిలేశాను. శుక్రవారం ఎనిమిది నుంచి పదకొండు దాకా ఇచ్చారు. జుమ్మా నమాజుకు ఆఫీసు మూసేస్తారు కాబట్టి పదకొండు దాటి పది నిమిషాలు కూడా కుదరదని ముందే చెప్పారు.

ఆ రోజు ఆరున్నరకు మెసైమీర్ వైపున్న క్యాంపు దగ్గర నర్సయ్యను కారెక్కించుకున్నాను. ఉతికిన తెల్ల చొక్కా, ఒళ్ళో మూడంతస్తుల క్యారియరు. నాలుగింటికే లేచి క్యాంపు వంటగదిలో తానే వండాడట. బగార అన్నం, తలకాయ కూర, సర్వపిండి. అరిటాకు అల్ మన్సూరా కిరాణా కొట్లో ముందురోజే కొన్నాను. కల్లు కూడా పెట్టాలని, ఇక్కడ మాఫీ, అంటే దొరకదు గనక మంచినీళ్ళే పెడదామని అన్నాడు. శుక్రవారం పొద్దున రోడ్లు ఖాళీ, నలభై నిమిషాల్లో చేరిపోతాం. మెట్రో దిగి టాక్సీలో కూడా రావచ్చు గానీ, క్యారియర్లతో వచ్చేవాళ్ళకు కారే నయం.

కెప్టెన్ గోవా మనిషి, అరవై దగ్గర ఉంటాయి. ఎక్కగానే పాటలు పెట్టమంటారా అని హిందీలో అడిగాడు. నేను పక్కకు తీసుకెళ్ళి అంతా చెప్పాను. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత నర్సయ్య దగ్గరున్న కాగితం చూశాడు. తమ్ముడు పడిన చోటు లాంచీ నడిపినతను గుర్తులు రాసిచ్చిన కాగితం అది. ఒడ్డుకు ఇరవై మైళ్ళు. తన పడవకు పది మైళ్ళ వరకే అనుమతి ఉందని, దాటితే కోస్ట్ గార్డు ఊరుకోదని, కెప్టెన్ తప్పు తనదైనట్టు చెప్పాడు. బుక్ చేసేటప్పుడు దూరం అడగాలని నాకు తట్టనే లేదు. పదకొండేళ్ళుగా పడవల గురించి ఊరందరికీ పాఠాలు చెప్పినవాణ్ణి. నర్సయ్యే నా భుజం తట్టి నీళ్ళన్నీ ఒక్కటేలే అన్నాడు. ఓదార్చాల్సినవాణ్ణి నేను.

ఐడీ కార్డులు చూపించి ఎనిమిదింబావుకు బయల్దేరాం. సముద్రం నూనె పోసినట్టుంది. మామూలుగా అయితే ఇక్కడ నేను నీళ్ళ రంగు గురించి పేరా రాసేవాణ్ణి. నర్సయ్య ఒక్కసారి కూడా నీళ్ళకేసి చూడలేదు, క్యారియరు కదలకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. రెండు మైళ్ళు దాటాక ఫోన్లో సిగ్నల్ పోయింది. తొమ్మిదింటికి కెప్టెన్ ఇంజన్ ఆపి, ఇంతవరకే అన్నాడు.

నర్సయ్య ముందు డెక్కు మీద ఆకు పరిచి, నీళ్ళు చల్లి, వడ్డించాడు. అన్నం మధ్య తలకాయ కూర, పక్కన సర్వపిండి, గ్లాసుతో నీళ్ళు. దండం పెట్టి వెనక్కి జరిగాడు. ముప్ఫై ఆరడుగుల పడవలో ఎంత దూరమని జరుగుతాం? ముగ్గురం కేబిన్‌లోకి దూరి, అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాం. ఆకాశం నిండా ఒక్క పిట్ట లేదు.

ఇరవై నిమిషాలకు ఒక తెల్ల సముద్రపు పిట్ట వచ్చింది. పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, ముందున్న కమ్మీ మీద వాలింది. నర్సయ్య నా చెయ్యి పట్టుకున్నాడు, ఎముకలు నొప్పెట్టేంత గట్టిగా. అది ఆకు వైపు తల తిప్పి చూసింది. ముక్కుతో ఈకలు సర్దుకుంది. రెండు మూడు నిమిషాలు అలాగే ఉండి, ఎగిరిపోయింది.

ఈ పిట్టలు లాంచీల వెంట చేపల కోసం తిరిగేవి, అన్నం ఎరగవు అన్నాడు కెప్టెన్. ఐసుపెట్టెలో గాలానికి గుచ్చే చిన్న చేపలున్నాయని, రెండు పైన పెడితే పది పిట్టలు వాలతాయని చెప్పాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకూ అదే మేలనిపించింది, తెమ్మని లేచాను కూడా. నర్సయ్య అడ్డుపడ్డాడు.

"వద్దు సారూ. వాడు చేప ముట్టడు. వాడు తిననిది పెట్టి ఇంకో పిట్టను పిలుసుకుంటే, ఎవరికి పెట్టినట్టు?"

తర్వాత ఒక్కడే డెక్కు మీదికి వెళ్ళాడు. కేబిన్ తలుపు తెరిచే ఉంది, మాటలన్నీ వినిపించాయి. నీ బిడ్డను నా బిడ్డలతోని సమానం సదివిస్త అన్నాడు. ఇంటికి స్లాబు ఏపిస్త అన్నాడు. రజితను తల్లిగారింటికి తోలియ్యం, మా ఇంట్లనే బిడ్డ లెక్క ఉంటది అన్నాడు. ఒక్కో మాటకూ ఆగి ఆకాశంకేసి చూశాడు. పావు గంట గడిచింది. ఇంకేమీ మిగలలేదేమో అనుకున్నాను. అప్పుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నీకు ఈత రాదని నాకెర్కే గంగాధరూ. లాంచీ వద్దన్నా, భయమైతుందన్నా అని నువ్వు మూడుసార్లు అన్నవ్. ఇంటికి పోతే ఊర్ల నవ్వుతరని నేనే బలిమికి ఎక్కిచ్చిన. కోపముంటే నా మీద ఉంచుకో. రజిత మీద ఎందుకురా? ముట్టు తమ్మీ. ఆ పిల్ల అన్నం తింటది."

ఏ పిట్టా రాలేదు. నేనూ కెప్టెనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేక అద్దంకేసి చూస్తూ ఉండిపోయాం. ఇంత నిజం చెప్పాక కూడా రాకపోవడమేమిటని నాకు దేవుడి మీద, ఆ పక్షిజాతి మీద, పది మైళ్ళని రాసిపెట్టిన ఆఫీసుల మీద ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద చూపించను?

పదీ పదికి కెప్టెన్ గడియారం చూపించాడు. నర్సయ్య ఆకును నాలుగు మూలలా పట్టి, నెమ్మదిగా నీళ్ళలోకి వదిలాడు. అది మునిగీ మునగకముందే వేలెడంత చేపలు గుంపుగా వచ్చి మెతుకులు లాక్కుపోయాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. చేపలు మాత్రం జీవులు కావా, ముట్టినట్టే కదా అన్నాను.

"చేపలెప్పుడో ముట్టినయి సారూ," అన్నాడు నర్సయ్య.

తిరుగు దారిలో అరగంట సేపు నేనే మాట్లాడాను. ముట్టిందని చెప్పెయ్యమన్నాను. ఆమెను బతికించే అబద్ధం పాపం కాదన్నాను. పిట్ట పొరపాటున ఒక మెతుకు తిన్నా ఇదే మాట చెప్పేవాడివి కదా అని వాదించాను. అతను ఖాళీ క్యారియరు మూతలు ఒక్కొక్కటే బిగిస్తూ కూర్చున్నాడు. మరీనా కనబడేసరికి, కట్టేసిన పడవల మీదా గుంజల మీదా తెల్ల పిట్టలు ముప్ఫై నలభై వరుసగా కూర్చుని ఉన్నాయి. ఎవరో పారేసిన రొట్టెముక్క కోసం కొట్టుకుంటున్నాయి. నేను చూశాను, అతనూ చూశాడు.

సిగ్నల్ రాగానే ఫోన్ మోగింది. రజిత పొద్దుటినుంచీ చేస్తూనే ఉందట. నర్సయ్య నావైపు చూశాడు. చెప్పెయ్యి అన్నట్టు తలూపాను. ఇంజన్ చప్పుడుకు వినబడదని స్పీకర్ పెట్టాడు.

"బావా, పిట్ట ముట్టిందా?"

నర్సయ్య నోరు తెరిచాడు. తమ్ముణ్ణి లాంచీ ఎక్కమని బలవంతపెట్టిన నోటితోనే తమ్ముడు పోయాడని కూడా చెప్పాలి. అది అతనివల్ల కాలేదు.

"ముట్టలే అమ్మా," అన్నాడు.

అవతల ఆమె ఏడ్చింది. అది ఏ రకం ఏడుపో అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. సంతోషంతో ఏడుస్తోంది.

"నేను సెప్తలేనా బావా, ఆయన ఉన్నడని. సచ్చినోడైతే ముట్టకపోవునా? ఇగ ఎవ్వరు నన్ను అడగొద్దు. నువ్వు ఆ దుబాయ్‌ల జైళ్ళు, దవాఖానలు అన్ని ఒక్కసారి సూడు బావా. ఒక్కపొద్దు ఇడువకుంట ఉంట. ఆయనొచ్చినంక ఇద్దరం కూసొని తింటం."

"సూస్తనమ్మా," అన్నాడు నర్సయ్య.

పడవ ఒడ్డుకు తగిలింది. పదకొండుకు ఇంకా ఐదు నిమిషాలుంది.

చావు కబురు చెప్పడమే ఈ లోకంలో అన్నిటికన్నా కష్టమైన పని అనుకునేవాణ్ణి. చెప్పలేకపోవడం ఇంకా కష్టమట. ఆమెకు ఆశ మిగిల్చామని ఎవరైనా అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు, ఆ ఆశే ఆమెను పూటపూటా తింటోంది. అది తెలిసి కూడా నేనా ఫోన్ లాక్కుని ముట్టిందమ్మా అని చెప్పలేదు. నాకెందుకు నోరు రాలేదో ఇప్పటికీ తెలియదు. రెండు వారాలైంది. సెలవు దొరికినప్పుడల్లా నర్సయ్య ఒక్కో ఆసుపత్రికి వెళ్ళి, లేడని ముందే తెలిసిన మనిషి పేరు చెప్పి, ఉన్నాడా అని అడుగుతున్నాడు. పోయిన శుక్రవారం నేనూ వెంట వెళ్ళాను.

ఇలాంటి పని మీద పడవ తీసుకునేవాళ్ళకు ఒక్క మాట. ఎంత దూరం వెళ్ళనిస్తారో డబ్బు కట్టకముందే అడగండి. ఇంటికి ఏం చెప్పాలో కూడా ఒడ్డున ఉండగానే తేల్చుకోండి. మరీనాకు రెండు మైళ్ళ ముందే సిగ్నల్ వచ్చేస్తుంది.