చివరి అంకె

ఆ కవరు బరువు మహా అయితే యాభై గ్రాములుంటుంది. ఇరవై ఏళ్ళు దాటింది, దాన్ని మోస్తూనే ఉన్నాను. మూడిళ్ళు మారాను. మారినప్పుడల్లా మా ఆవిడ పాత కాగితాలన్నీ తూకానికి వేసేసింది. ఈ కవరు మాత్రం నేనే చేత్తో పట్టుకెళ్ళి కొత్తింట్లో బీరువా అడుగు అరలో పెట్టుకున్నాను. ఏంటండీ అది అని ఒకసారి అడిగింది. ఆఫీసు కాగితాలన్నాను. అబద్ధం కాదు. ఆఫీసుకి వచ్చినవే. నాకు వచ్చినవి కావు, అంతే.

పేరు చెప్పను. పేరు చెప్పే దమ్మే ఉంటే మీకు రాయాల్సిన అవసరం లేదు, చెప్పాల్సిన మనిషికే చెప్పి ఉండేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. పిరికివాడికి ఇంతకంటే వీలు ఏముంటుంది?

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ప్యాసై, ఉద్యోగం లేక, రాజమండ్రిలో ఒక అద్దె మేడ మీద పెట్టిన సర్వే ఆఫీసులో తాత్కాలికంగా చేరాను. సర్వే దేని గురించంటే, మన జిల్లాల నుంచి విదేశాలకి ఎంత పని అమ్ముడుపోతోంది, అక్కణ్ణించి మనం ఎంత పని కొనుక్కుంటున్నాం అన్నది. సరుకు కాదండీ, పని. బియ్యం బస్తా దేశం దాటితే రేవులో ఒక కాగితం పుడుతుంది. పని దాటితే ఏ కాగితమూ పుట్టదు. రాజమండ్రిలో ఓ మేడగదిలో కూర్చుని ఆడపిల్లలు అమెరికా డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని టైపు చేసి పంపేవారు. అది ఎగుమతి. భీమవరం అవతల రొయ్యల చెరువుకి రోగమొస్తే విమానమెక్కించి రప్పించిన విదేశీ టెక్నీషియన్ గట్టు మీద తిరిగి మందు చెప్పేవాడు. అది దిగుమతి. కోనసీమ పురోహితుడు గారు విదేశంలో ఓ గుడికి ఆరు నెలలు వెళ్ళొస్తే ఆయన చదివిన మంత్రమూ ఎగుమతే. నవ్వకండి, ఫారంలో దానికీ ఒక గడి ఉండేది. ఇవన్నీ ఏ గేటు దగ్గరా ఆగకుండా పోయేవి కాబట్టి మనిషి దగ్గరికే వెళ్ళి అడగాలి. నెలకి ఎన్ని లైన్లు టైపు చేశారు? ఆయన ఎన్ని రోజులు ఉన్నాడు? మీరు ఎన్ని రోజులు ఉండొచ్చారు?

అడగడానికి ఇద్దరం. నేనూ, భాస్కరరావు గారూ. చెరో అరవై చిరునామాలు ఇచ్చారు.

భాస్కరరావు గారికి అప్పటికే యాభై దాటాయి. మండపేటలో ఒక రైసుమిల్లులో కాటా గుమాస్తా. ఇరవై ఏళ్ళు బస్తాలు తూయించి రాసిన చెయ్యి. మిల్లు మూతపడితే ఇటొచ్చారు. సర్వే అయ్యాక ఇద్దరిలో ఒకరిని సూపర్‌వైజరుగా ఉంచుకుంటామన్నారు. నాకైతే ఇంకోటి దొరక్కపోదు. ఆయనకి ఆ వయసులో అదే ఆఖరు. ఈ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. తెలియక చేశాడు పాపం అనుకుంటారేమో, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

మా ఇద్దరికీ పైన హైదరాబాదు నుంచి వచ్చిన మేడమ్ గారు ఉండేవారు. ఆవిడ ఫారం నేర్పుతుంటే భాస్కరరావు గారు చెయ్యెత్తి అడిగారు, వాళ్ళు సుమారుగా చెబితే ఏం రాయమంటారండీ అని. చెప్పింది చెప్పినట్టు రాయండి, తెలియదంటే గడి ఖాళీగా వదిలేయండి అన్నారావిడ. ఆయన బుద్ధిగా తల ఊపారు. వేసవంతా అలాగే రాశారు. సైకిలు మీద, గొడుగు హేండిలుకి తగిలించుకుని, మధ్యాహ్నం ఎక్కడైనా మజ్జిగ దొరికితే తాగి.

నేనో?

మే నెల. ఎక్కడికెళ్ళినా రేపు రండి. ఓనరు గారు ఊళ్ళో లేరండి. ఇలాంటివి మీకెందుకండీ, ట్యాక్సు వాళ్ళా? ఒకాయన కుర్చీ కూడా చూపించలేదు. నాకు ఒళ్ళు మండింది. ఎమ్మెస్సీ చదివి గుమ్మాల దగ్గర నిలబడటమేంటి అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఎండ కంటే ఆ అహంకారమే ఎక్కువ మండింది. రెండో వారానికల్లా బస్టాండు ఎదురుగా టిఫిన్ హోటల్లో, ఫ్యాను కింద బల్ల చూసుకుని ఫారాలు నింపడం మొదలెట్టాను. పెసరట్టు తింటూ డాక్టర్ల మాటలు టైపు చేసే ట్రాన్‌స్క్రిప్షన్ సెంటరొకటి. కాఫీ తాగుతూ ఇద్దరు పురోహితులు. నిజంగా ఎన్ని చోట్లకి వెళ్ళానో ఆఖర్న చెబుతాను. ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

ఊరికే నింపితే మామూలు దొంగని. నేను చదువుకున్న దొంగని. ఫారాలు నిజంవో కల్పించినవో తేల్చడానికి ఆఫీసులో ఒక పరీక్ష ఉందని, ఆ సూచనల కాగితం మేడమ్ గారి బల్ల మీద చూసి తెలుసుకున్నాను. చివరి అంకె చూస్తారు. కూర్చున్నచోట కల్పించేవాడి చేతికి సున్నా, ఐదు తేలిగ్గా వచ్చేస్తాయట. నిజంగా లెక్కపెట్టిన సంఖ్యలైతే సున్నా నుంచి తొమ్మిది దాకా అన్నీ ఇంచుమించు సమంగా వస్తాయట. ఓహో అనుకున్నాను. బస్టాండులో జనం పారేసిన టికెట్లు ఏరుకొచ్చాను. వాటి మీద నంబర్ల చివరి అంకెలు వరసగా తీసి నా సంఖ్యలకి తగిలించాను. 31,847 లైన్లు. 23 రోజులు. 167 రోజులు. ఎంత ముద్దుగా ఉన్నాయో! ఒక్క గడి ఖాళీ లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను, సిగ్గు లేకుండా.

మరి భాస్కరరావు గారి ఫారాలు? ముప్పై వేల లైన్లు. నలభై వేలు. పదిహేను రోజులు. ఇరవై రోజులు. ఆరు నెలలంటే నూట ఎనభై. అంతా సున్నాలూ ఐదులూ. మధ్య మధ్య ఖాళీ గడులు. మనవాళ్ళని ఎవరినైనా అడిగి చూడండి, రిజిస్టరు తీసి చూసి చెబుతారా? "ఓ ముప్పై వేలుంటాయి, రాసుకోండి" అంటారు. ఆ పరీక్ష తప్పు కాదు, సగమే ఒప్పు. కాగితం చూసి చెప్పేవాళ్ళ మీద పనిచేస్తుంది. గుర్తున్నంత చెప్పేవాళ్ళ మీద పెడితే నిజం రాసినవాడే దొంగగా తేలతాడు. ఈ ముక్క ఆ ఆఫీసులో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఫలితం చూశాక మేడమ్ గారు మా ఇద్దరినీ పిలిచారు. చెడ్డావిడ కాదు. గొంతు పెంచలేదు. మీ ఫారాలు కల్పించినవని పరీక్ష చెబుతోందండీ అని భాస్కరరావు గారితో అన్నారు. ఎక్కడో చెట్టు కింద కూర్చుని రాశారని నేననడం లేదు, లెక్క అంటోంది అన్నారు. భాస్కరరావు గారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన మొహం చూడలేకపోయాను. నా వైపు తిరిగి, మీరూ తిరిగారు కదండీ బాబూ, జనం సున్నాల్లోనే చెబుతారని మేడమ్ గారికి ఒక్క మాట చెప్పండి అన్నారు.

నాకందరూ రికార్డు చూసే చెప్పారండీ అన్నాను.

అంతే. ఆరు మాటలైనా లేవు. సూపర్‌వైజరు పని నాకొచ్చింది. ఆయన్ని ఆ రోజుతో పంపేశారు.

ఇక్కడితో ఆగినా కుర్రతనం అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణేమో. ఆగలేదు. ఆయన మళ్ళీ సైకిలెక్కారు. జీతం లేదు, బత్తెం లేదు. తాను వెళ్ళిన గుమ్మాలన్నీ మళ్ళీ ఎక్కి, ఇచ్చినవాళ్ళ దగ్గర చీటీలు రాయించుకున్నారు. ఏడు చీటీలు. ఒకటి ట్రాన్‌స్క్రిప్షన్ సెంటరు లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో. ఒకటి రొయ్యల మేత కంపెనీ క్యాలెండరు కాగితం వెనకాల. "ఈయన మా దగ్గరికి వచ్చిన మాట నిజం. మేము గుర్తున్నంత వరకు గుండ్రంగా చెప్పాము." పురోహితుడు గారైతే శ్రీరామ చుట్టి మరీ రాశారు. అవన్నీ కవరులో పెట్టి, మేడమ్ గారి పేర ఆఫీసుకి పోస్టు చేశారు. మేడమ్ గారు అప్పటికి హైదరాబాదు వెళ్ళిపోయారు. వచ్చిన టపా విప్పి చూసి ముఖ్యమైనవి ఆవిడకి పంపడం సూపర్‌వైజరు పని.

విప్పాను. చదివాను. ఏడూ చదివాను. సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

చింపెయ్యలేదెందుకు? ఇన్నేళ్ళూ ఇదే అడుగుతున్నాను నన్ను నేను. మంచితనం మిగిలుండి అని చెప్పుకోవాలని ఉంది. కాదేమో. చింపితే దొంగతనం పూర్తయిపోతుంది, దాచితే రేపెప్పుడైనా ఇచ్చేస్తానని అనుకోవచ్చు. ఆ రేపటి కోసం దాచాను. "రేపు రండి" అన్నవాళ్ళని ఎన్ని తిట్టుకున్నాను!

నెల తర్వాత ఆయనే వచ్చారు. వాన పడుతోంది. చెప్పులు బయట విప్పి, గొడుగు గోడకి ఆనించి, నా బల్ల ముందు నిలబడ్డారు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"కవరొకటి పంపానండీ, మేడమ్ గారి పేర. అందిందాండీ?"

"లేదండీ. ఏమీ రాలేదు."

"రాలేదాండీ? ఏడు చీటీలండి, బాబూ. అందరివీ."

"పోస్టులో ఎక్కడైనా పోయిందేమోనండీ."

ఆయన నా మొహంలోకి చూశారు. కనిపెట్టేశారనుకున్నాను. కనిపెట్టేస్తే బాగుణ్ణని కూడా అనుకున్నాను, ప్రమాణం చేసి చెబుతున్నాను.

"రిజిస్టరు చేయించాల్సిందండీ. నాదే పొరపాటు" అన్నారు. గొడుగు తీసుకుని, మెట్లు తడిగా ఉన్నాయి జాగ్రత్త అని నాకే చెప్పి దిగిపోయారు.

ఆ మాట నన్ను వదల్లేదు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

తర్వాత ఒకసారి మండపేట మనిషి ఒకడు కలిసి కబుర్లలో చెప్పాడు. ఇంకో మిల్లులో చేరారట ఆయన. సర్వేలో దొంగ లెక్కలు రాశాడన్న మాట ఆయన కంటే ముందే అక్కడికి చేరిందట. ఖాళీ గోనెసంచులు లెక్కపెట్టే పనిచ్చారట. కాటా దగ్గర మాత్రం నిలబెట్టలేదట. ఇరవై ఏళ్ళు తప్పుతూకం ఎరగని మనిషిని. చెప్పినవాడు నవ్వుతూ చెప్పాడు. దొంగకి తేలు కుట్టినట్టు నేనూ నవ్వాను.

ఇంకా ఉందండీ. ఉన్నదంతా చెప్పేస్తాను. ఆ పనిలోనే పైకొచ్చాను. కొత్తగా చేరిన పిల్లలకి సర్వే పాఠాలు చెప్పేవాణ్ణి. లెక్క నాణ్యత ఎలా పరీక్షించాలో నా పాఠం. అందులో కల్పించిన లెక్క ఎలా ఉంటుందో చూపించడానికి ఏళ్ళ తరబడి బోర్డు మీద రాసిన ఉదాహరణ ఏదో తెలుసా? ముప్పై వేలు, నలభై వేలు, పదిహేను, ఇరవై, నూట ఎనభై. భాస్కరరావు గారి ఫారాలే. పేరు కొట్టేసి. పక్కన మంచి లెక్కకి ఉదాహరణగా నావి. ఎవరు మనిషంటారు నన్ను?

మొన్నామధ్య ఒక అమ్మాయి లేచి అడిగింది. సార్, మా నాన్నగార్ని ఏదడిగినా రౌండుగానే చెబుతారండీ, ఆయన అబద్ధం చెప్పినట్టా అని. పిల్లలంతా నవ్వారు. నా చేతిలో సుద్దముక్క ఉంది. కాదమ్మా అనాలి, ఒక్క మాట. అది తర్వాత చూద్దాం, కూర్చో అన్నాను. రెండోసారి కూడా నోరు పెగల్లేదంటే ఇంక అది కుర్రతనం కాదు కదా, నా అసలు రంగే అది.

ఆ రాత్రి కాదు, మర్నాడు కాదు, వారం తిరిగాక బీరువా తెరిచి ఇది రాయడానికి కూర్చున్నాను. చీటీలు ఏడూ పక్కనే ఉన్నాయి. క్యాలెండరు కాగితం అంచులు రాలిపోతున్నాయి. క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమిస్తే నాకెందుకు? ఆయన ఉన్నారో లేదో కూడా నాకు తెలియదు. తెలుసుకోవడానికి భయం. మండపేట ఎంత దూరమని! ఆ గడి ఖాళీగా వదిలేస్తున్నాను. తెలియనిది ఖాళీగా వదలడం ఆయన రాతలో చూసే నేర్చుకున్నాను.

రాస్తుంటే చెయ్యి కాస్త తేలికపడింది, ఆ మాట దాచను. నాకు ఆ తేలిక కూడా దక్కకూడదు, కానీ దక్కింది.

ఆఖర్న చెబుతానన్న లెక్క ఒకటి బాకీ ఉంది. నా వాటా చిరునామాలు అరవై. నింపిన ఫారాలు అరవై. నేను నిజంగా గడప తొక్కినవి పది. చివర సున్నా ఉంది, ఆ పరీక్షకి నిలవదు. అయినా ఇది నిజమండీ, నేను రాసిన మొదటి నిజం లెక్క.