బాపు కట్టిన మూడు పందెపు పడవలు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, గోదావరి మీద మా పడవల పందెం చెబుతాను. తలుచుకుంటే ఇప్పటికీ నా కాళ్లు ఆగవు.

నిజాం సర్కారు పోయిన కొత్తల్లో కరీంనగర్ వైపు రేవు మా బాపుది. ఎదురుగా ఆదిలాబాద్ వైపు రేవు మా మేనమామది. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. ఇద్దరూ జనాన్ని ఏరు దాటించేవాళ్లే, పడవలు కట్టేవాళ్లే. ఏటా దసరా వెళ్లి వరద తగ్గాక ఇద్దరికీ పందెం. మా ఒడ్డున బయల్దేరి, నడి ఏట్లోని ఇసుక తిప్పను చుట్టి రావాలి.

బాపు కట్టిన మొదటి పందెపు పడవ చేతి అలవాటు కొద్దీ ఎడ్లబండి పట్టేంత వెడల్పయింది.

"బావా, బర్రెను గూడ ఎక్కియ్యకపోతివి!" అని పందెంలో ముందు పోతూ మామ కేకేశాడు.

మరుసటి ఏడు రెండోది, చేపలా సన్నగా. చెక్కల సందుల్లో జమ్మికుంట దూది కూరి గుగ్గిలం పూశాడు. దానికి తగిలే మొదటి నీళ్లు పందెపు నీళ్లే కావాలని మొక్కుకొని, నెలరోజులు వాకిట్లో ఎండలోనే ఉంచాడు. తిప్పదాకా మాదే ముందు! అక్కడ సందులన్నీ కారాయి. బాపు తెడ్డు వదిలి నీళ్లు తోడిపోస్తుంటే మామ దాటిపోయాడు.

ఇంటికొచ్చి, చెక్క చెక్కే బాడిసను చూరులో దోపాడు. అది మా తాత బాడిస.

"ఇంకొక్క పడవ కడత. అదీ ఓడితే దీన్ని మల్ల ముట్ట."

మూడోది తయారైంది. బాడిస మళ్లీ చూరెక్కింది. అవ్వ పడవ చుట్టూ తిరిగి చూసి, "దీన్ని పందెం దాకా ఏట్ల ముంచుండ్రి," అంది.

"పిచ్చి లేసిందా? నీ తమ్ముని దిక్కు మాట్లాడుతున్నవా?"

"ఎండిన కట్టె తొట్టి కారుతది, నానినంక కారదు. రోజూ చూస్తలేనా నేను?"

బాపు గొణుక్కుంటూనే రాళ్లు నింపి ముంచాడు. అవతలి ఒడ్డున మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. "పందెం గాకముందే మునిగితివా బావా!"

పందెం నాడు రాళ్లు దించి పైకి తేల్చారు. చెక్క ఉబ్బి సందులు మూసుకున్నాయి. డప్పు మోగింది! నేను మోకాలి లోతు నీళ్లలో అరుస్తూ ఉరికాను. తిప్ప చుట్టి వచ్చేటప్పుడు రెండు పడవలూ సమానం. ఒక పక్క పెనిమిటి, ఒక పక్క తమ్ముడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. బాపు చివరి తెడ్డు వేశాడు చూడండి, మూరెడు ముందు మా పడవే ఇసుక తాకింది!

తడి బట్టలతోనే బాపు చూరులోంచి బాడిస తీశాడు. వెనకే మామ వచ్చి గడపలో కూలబడ్డాడు.

"అక్కా, వచ్చేయేడు మా పడవను గూడ నువ్వే ముంచిపోవే."

ఇంత ఓపికగా విన్నారు. మీ ఇంట ఎవరు ఏ పని ఎత్తుకున్నా అది క్షేమంగా ఒడ్డు చేరాలి, మీ వాకిలి చల్లగా ఉండాలి.